కుక్రీ బరువు ఎక్కడుంది?

విద్యార్థులూ! రాత్రివేళ ఈల ఊదుతూ, చేతికర్రతో నేలమీద టక్ టక్ మని కొడుతూ వీధుల్లో కాపలా తిరిగే గూర్ఖాల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. మన తెలుగు పట్టణాల్లో చాలామందికి నేపాల్ దేశంతో మొదటి పరిచయం ఆ ఈల ద్వారానే కలిగింది. ఖాకీ దుస్తులూ, నడుముకు తోలు ఒరలో వేలాడే ఒంపు కత్తీ వాళ్ళ గుర్తులు. ఆ కత్తినే మనం కుక్రీ అంటున్నాం. నేపాలీలో దాని పేరు ఖుకురి.

1814 నుంచి 1816 దాకా ఈస్టిండియా కంపెనీకీ నేపాల్‌కూ యుద్ధం జరిగింది. ఆ యుద్ధంలో గూర్ఖాల ధైర్యం చూసి కంపెనీవారు వాళ్ళను తమ సైన్యంలో చేర్చుకోవడం మొదలుపెట్టారు. 1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినప్పుడు పది గూర్ఖా రెజిమెంట్లలో ఆరు మన సైన్యానికి వచ్చాయి. నాలుగు బ్రిటన్‌కు వెళ్ళాయి. ఈ సైనికులతోపాటు కుక్రీ పేరు కూడా లోకమంతా పాకింది.

అయితే కుక్రీ పుట్టింది యుద్ధం కోసం మాత్రమే కాదు. నేపాల్ కొండల్లో రైతు ఇంట్లో అది నిత్యం వాడే పనిముట్టు. కట్టెలు కొట్టడానికీ, పశువులకు కొమ్మలు నరకడానికీ, మాంసం తరగడానికీ, చివరకు ఉల్లిపాయలు కోయడానికీ అదే. మామూలు కుక్రీ పిడితో కలిపి సుమారు 40 సెంటీమీటర్ల పొడవుంటుంది. బరువు అర కిలో నుంచి ముప్పావు కిలో దాకా ఉంటుంది. కొన్ని ప్రత్యేక అవసరాలకు, వేడుకలకు, ప్రదర్శనలకు ఇంతకంటే చాలా పెద్దవి కూడా చేస్తారు. అలాంటి పెద్ద కుక్రీని మొదటిసారి పట్టుకున్న వాళ్ళందరూ ఇంచుమించు ఒకే మాట అంటారు: "అమ్మో! ఎంత బరువో!" 

ఆ మాట నిజమే కాని పూర్తి నిజం కాదు. అంతే బరువున్న బియ్యం సంచిని పట్టుకుంటే ఎవరూ అలా అనరు. కత్తి మాత్రం ఎందుకంత బరువనిపిస్తుంది? ఆ బరువు పనికి సాయమా, ఆటంకమా? ఈ ప్రశ్నలకు జవాబు మీరు బడిలో చదివే భౌతికశాస్త్రంలోనే ఉంది.

బరువు ఒకటే, భారం వేరు

ఈ ప్రయోగం కత్తితో చేయకండి. 30 సెంటీమీటర్ల కొలబద్ద, కొంచెం బంకమట్టి చాలు.

కొలబద్దను చూపుడువేలి మీద పడిపోకుండా నిలబెట్టండి. వేలు సరిగా 15వ గీత కింద ఉన్నప్పుడు అది నిలుస్తుంది. అక్కడే దాని గురుత్వ కేంద్రం ఉంది. ఇప్పుడు 30వ గీత దగ్గర నిమ్మకాయంత బంకమట్టి అంటించి మళ్ళీ నిలబెట్టండి. ఈసారి వేలిని మట్టి వైపు జరపవలసి వస్తుంది. అంటే గురుత్వ కేంద్రం మట్టి వైపు జరిగిందన్నమాట.

ఇక కొలబద్దను మట్టిలేని కొసన పట్టుకుని నేలకు సమాంతరంగా చాపి, అటూ ఇటూ ఊపండి. తరువాత తిప్పి, మట్టి ఉన్న కొసను పిడికిట్లో పట్టుకుని అలాగే ఊపండి. తేడా గమనించారా? వస్తువు మారలేదు, దాని బరువూ మారలేదు. కాని మొదటిసారి మణికట్టుకు ఎక్కువ కష్టమనిపిస్తుంది, రెండోసారి తేలికగా కదులుతుంది.

కుక్రీలో జరిగేది ఇదే. దాని పలక పిడి దగ్గర సన్నగా మొదలై, ముందుకు పోయేకొద్దీ వెడల్పై, కొసకు కొంచెం ముందు పొట్టలా ఉబ్బి, ఆ తరువాత మొనదేలుతుంది. కాబట్టి ఉక్కులో ఎక్కువ భాగం చేతికి దూరంగా ఉంటుంది. మొదటిసారి పట్టుకున్నవాడికి కత్తి ముందుకు ఒరిగిపోతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే.

మీ ఊళ్ళో బస్టాండు దగ్గర కొబ్బరి బోండాలు అమ్మే ఆయన కత్తిని చూడండి. అది కూడా ముందు భాగం వెడల్పుగా, బరువుగా ఉంటుంది. ఆయన బోండాన్ని ఎడమ చేతిలో పట్టుకుని, పెద్దగా బలం పెట్టినట్టు కనిపించకుండానే నాలుగు దెబ్బల్లో తల ఎగరగొడతాడు. సగం పని చేతిది, సగం పని ఆ ముందు బరువుది.

ఒకటిన్నర రెట్ల కత్తి

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. మామూలు కుక్రీ పొడవు 40 సెంటీమీటర్లు, బరువు 600 గ్రాములు అనుకోండి. దాన్ని చూసి ఒకడు ముచ్చటపడి, అచ్చంగా ఇదే ఆకారంలో ఒకటిన్నర రెట్లు పెద్దది చేయమని కమ్మరిని అడిగాడు. అంటే పొడవు 60 సెంటీమీటర్లు కావాలి. బరువెంత అవుతుంది? 900 గ్రాములని చెప్పబోతున్నారా? కాస్త ఆగండి.

పొడవు ఒకటిన్నర రెట్లు పెరిగింది. వెడల్పూ ఒకటిన్నర రెట్లు పెరిగింది. మందమూ అంతే. కాబట్టి ఘనపరిమాణం 1.5 × 1.5 × 1.5, అంటే 3.375 రెట్లు అయింది. ఉక్కు అదే కనుక బరువూ అన్ని రెట్లే. 600 గ్రాముల కత్తి కాస్తా రెండు కిలోలు దాటిపోయింది!

ఇంతటితో అయిపోలేదు. కత్తిని చాపి పట్టుకున్నప్పుడు మణికట్టు మీద పడే భారం బరువును బట్టే కాక, గురుత్వ కేంద్రం మణికట్టుకు ఎంత దూరంలో ఉందో దాన్నిబట్టి కూడా ఉంటుంది. ఆ దూరమూ ఒకటిన్నర రెట్లయింది. అంటే మణికట్టు మీద భారం 3.375 × 1.5, అంటే అయిదు రెట్లు.

ఇక దాన్ని ఊపడానికో, ఊపుతూ మధ్యలో ఆపడానికో ఎంత కష్టపడాలి? ఇలా తిరిగే వస్తువు తన స్థితి మార్పును ఎదిరించే గుణాన్ని జడత్వ భ్రామకం అంటారు. ఇది ద్రవ్యరాశిని దూరపు వర్గంతో గుణిస్తే వస్తుంది. అంటే 3.375 × 1.5 × 1.5, సుమారు ఏడున్నర రెట్లు!

ఈ మెట్లను మళ్ళీ ఒకసారి చూడండి. పొడవు ఒకటిన్నర రెట్లు. బరువు దాదాపు మూడున్నర రెట్లు. చాపి పట్టుకునే భారం అయిదు రెట్లు. తిప్పే కష్టం ఏడున్నర రెట్లు. కంటికి కనిపించేది మొదటి మెట్టు ఒక్కటే. మిగిలిన మూడూ చేతికి తెలుస్తాయి. పెద్ద కుక్రీని గోడమీద చూసి "ఫరవాలేదే" అనుకున్నవాడు చేతికి తీసుకోగానే "అమ్మో" అనడంలో వింతేముంది?

తెలివైన కమ్మరి ఈ సంగతి లెక్కలు చదవకుండానే అనుభవంతో తెలుసుకున్నాడు. అందుకే పెద్ద కత్తికి మందం పెంచడు. మందం పెంచకుండా పొడవూ వెడల్పూ మాత్రమే పెంచితే బరువు 2.25 రెట్లు, అంటే 1350 గ్రాముల దగ్గర ఆగుతుంది. అంతేకాదు, కొన్ని కుక్రీల పలక మీద పొడవునా గాడులు తీస్తారు. మూడు గాడులున్న రకాన్ని నేపాల్‌లో 'తీన్ చిరా' అంటారు. గాడి తీసిన చోట ఉక్కు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. కాని వంగకుండా నిలిచే బలం అంతగా తగ్గదు. రైలు పట్టాను అడ్డంగా కోసి చూస్తే నడుము సన్నగా, పైనా కిందా వెడల్పుగా ఉంటుంది కదా! అక్కడా ఇదే ఉపాయం.

వేగమా, బరువా?

"బరువు ఇన్ని తిప్పలు పెడుతుంటే తేలికపాటి కత్తే మేలు కదా!" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కదిలే వస్తువులోని గతిజశక్తి దాని ద్రవ్యరాశిలో సగాన్ని వేగపు వర్గంతో గుణిస్తే వస్తుంది. 600 గ్రాముల కత్తి సెకనుకు 5 మీటర్ల వేగంతో వచ్చి తగిలిందనుకోండి. దానిలోని శక్తి 7.5 జౌళ్ళు. అదే వేగంతో 150 గ్రాముల వంటింటి చాకు తగిలితే శక్తి 2 జౌళ్ళకు కూడా చేరదు.

చాకును నాలుగు రెట్లు తేలికగా ఉంది కనుక ఇంకా వేగంగా విసరవచ్చు కదా? అక్కడే చిక్కు. మనం కదిలించేది కత్తిని ఒక్కదాన్నే కాదు, మన చేతిని కూడా. చేయి కత్తికంటే ఎన్నో రెట్లు బరువు. కాబట్టి కత్తి ఎంత తేలికైనా చేయి కదిలే వేగానికి ఒక హద్దు ఉంది. బెండు ముక్కను ఎంత బలంగా విసిరినా దూరం పోదు. రోకలిని విసిరితే అదీ పోదు. పిడికిట్లో ఇమిడే రాయి పోయినంత దూరం రెండూ పోవు. కత్తి బరువుకూ అలాంటి మధ్యస్థమైన కొలత ఒకటి ఉంటుంది.

మన 1350 గ్రాముల పెద్ద కుక్రీకి కూడా చేయి అదే 7.5 జౌళ్ళ శక్తిని ఇచ్చిందనుకోండి. వేగం సెకనుకు 3.33 మీటర్లకు పడిపోతుంది. కాని ద్రవ్యవేగం మాత్రం 3 నుంచి 4.5కు పెరుగుతుంది. అంటే పెద్ద కత్తి మెల్లగా వస్తుంది, కాని దాన్ని ఆపడం కష్టం. ఇంకొక లాభం కూడా ఉంది. దాన్ని మీటరు ఎత్తుకు లేపినప్పుడు అందులో 13 జౌళ్ళ స్థితిజశక్తి చేరుతుంది. చిన్న కత్తిలో చేరేది 6 జౌళ్ళు కూడా లేదు. పైనుంచి కిందికి కొట్టినప్పుడు ఈ శక్తి తిరిగి వస్తుంది. రోకలితో వడ్లు దంచడంలో ఉన్న సూత్రమే ఇది. రోకలి ఎత్తడమే మన పని, దంచేది దాని బరువు.

అందుకే కదలకుండా నేలమీద ఉన్న లావుపాటి దుంగను పైనుంచి కొట్టడానికి బరువు కత్తి మేలు. లేత కొమ్మను పక్కనుంచి కొట్టడానికి మాత్రం అది పనికిరాదు. వేగం తక్కువ కనుక కొమ్మ తెగేలోపలే వంగి తప్పుకుంటుంది. అక్కడ తేలికైన, చురుకైన కత్తి కావాలి. బరువు కత్తి గొప్పదా, తేలిక కత్తి గొప్పదా అంటే, ఏం నరకాలో చెప్పందే జవాబు లేదు.

ఒంపు ఎందుకు?

కుక్రీలో అందరికీ కనిపించే విశేషం దాని ఒంపు. పలక మధ్యలో ముందుకు, అంచు వైపుకు వంగి ఉంటుంది. 

మన పనిముట్లతో పోల్చి చూద్దాం. కొడవలి అంచు లోపలి వైపు వంగి ఉంటుంది. అది పైరును తన ఒడిలోకి తీసుకుని, జారిపోనివ్వకుండా కోస్తుంది. గొడ్డలిలో బరువంతా కామకు చివర ఉంటుంది. అది కోయదు, చీలుస్తుంది. కుక్రీలో ఈ రెండు గుణాలూ ఉన్నాయి. పిడికి దగ్గరి అంచు కొడవలిలా లోపలికి వంగితే, పొట్ట దగ్గరి అంచు గొడ్డలిలా బయటికి ఉబ్బుతుంది. అది గొడ్డలికీ కొడవలికీ పుట్టిన బిడ్డ అనవచ్చు.

ఒంపు వల్ల ఇంకొక లాభం ఉంది. తిన్నని కత్తిని కట్టెమీద నిటారుగా కొడితే అంచు నేరుగా దిగాలని చూస్తుంది. ఒంపు కత్తి అంచు ఏటవాలుగా తగిలి, దిగుతూనే కొంచెం జారుతుంది. అంటే కొట్టడం, కోయడం రెండూ ఒకే దెబ్బలో జరుగుతాయి. కత్తిపీట మీద టమాటాను నేరుగా అదిమితే నలుగుతుంది. అంచు వెంట జారుస్తూ అదిమితే చక్కగా తెగుతుంది. అమ్మను అడగండి, ఆమెకు ఈ సూత్రం తెలుసు.

ఇలా ముందుకు వంగి, ముందు బరువున్న కత్తులు రెండు వేల ఏళ్ళకు పూర్వమే గ్రీసులోనూ, స్పెయిన్‌లోనూ ఉండేవి. గ్రీకుల కత్తి పేరు కోపిస్. స్పెయిన్ కత్తిని ఇప్పుడు ఫల్కాటా అంటున్నారు. మనిషి చేయి, కట్టె గట్టిదనం ఎక్కడైనా ఒకటే కదా!

ఇక అంచు సంగతి. దెబ్బ బలం 500 న్యూటన్లు అనుకోండి. అది 5 సెంటీమీటర్ల పొడవు, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న వీపు భాగంతో తగిలితే 400 చదరపు మిల్లీమీటర్ల మీద పంచుకుపోతుంది. మిల్లీమీటరులో పదోవంతు మందమున్న అంచుతో తగిలితే 5 చదరపు మిల్లీమీటర్ల మీదే పడుతుంది. పీడనం 80 రెట్లు పెరిగింది! బరువు ఎంత ఉన్నా పదును లేకపోతే ఆ శక్తి కట్టెను నలగ్గొడుతుందే కాని కోయదు. కత్తి బరువు పెంచడం కంటే సానమీద నాలుగుసార్లు నూరడం చౌక.

చేయి అదరని చోటు

క్రికెట్ ఆడేవాళ్ళకు ఒక అనుభవం ఉంటుంది. బంతి బ్యాటు మీద ఒక చోట తగిలితే చేతికి ఏమీ తెలియకుండా దూసుకుపోతుంది. వేరే చోట తగిలితే అరచేతులు జిల్లుమంటాయి. కత్తికీ అలాంటి చోటు ఉంటుంది.

మీ కొలబద్దను సున్నా గీత దగ్గర రెండు వేళ్ళతో వదులుగా పట్టుకుని కిందికి వేలాడదీయండి. పెన్సిల్‌తో 10వ గీత దగ్గర చిన్నగా కొట్టండి. వేళ్ళ దగ్గరి కొస దెబ్బ పడిన వైపుకే నెట్టుకుపోతుంది. 30వ గీత దగ్గర కొట్టండి. ఇప్పుడు పైకొస వ్యతిరేక దిశలో లాగుతుంది. 20వ గీత దగ్గర కొడితే వేళ్ళకు దాదాపు ఏమీ తెలియదు. అంటే పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో చేయి అదరని చోటు ఉంది. దీన్ని ఆఘాత కేంద్రం అంటారు. ముందు బరువున్న వస్తువులో అది ఇంకొంచెం ముందుకు జరుగుతుంది.

కుక్రీ పొట్ట ఉండేది కూడా ఆ చుట్టుపక్కలే. అక్కడ తగిలిన దెబ్బలో శక్తి కట్టెకు పోతుంది, అరచేతికి తిరిగి రాదు. 

పిడి విషయంలోనూ ఇలాంటి ఆలోచన ఉంది. చెక్కతోనో, గేదె కొమ్ముతోనో చేసిన ఆ పిడి మధ్యలో ఒక కట్టు ఉంటుంది, చివర వెడల్పవుతుంది. చేయి వలయంలో తిరుగుతున్నప్పుడు కత్తి బయటికి జారిపోవాలని చూస్తుంది. 600 గ్రాముల కత్తిని 60 సెంటీమీటర్ల వలయంలో సెకనుకు 5 మీటర్ల వేగంతో తిప్పితే దాన్ని పట్టి ఉంచడానికి 25 న్యూటన్ల బలం కావాలి. రెండు కిలోల కత్తికైతే 83 న్యూటన్లు. అంటే ఎనిమిదిన్నర కిలోల మూటను వేలాడదీసినంత! చెమట పట్టిన చేతికి ఇది చిన్న విషయం కాదు. పిడి చివరి వెడల్పు లేకపోతే కత్తి ఎగిరి ఎవరిమీద పడుతుందో చెప్పలేం.

ఒకే ముక్కలో రెండు గుణాలు

కత్తి అంచు గట్టిగా ఉండాలి, లేకపోతే మొద్దుబారుతుంది. కాని మరీ గట్టి ఉక్కు పెళుసు. సుద్దముక్కలా విరుగుతుంది. కత్తి వీపు దెబ్బను ఓర్చుకోవాలి, అంటే కొంచెం మెత్తగా ఉండాలి. ఒకే ఉక్కు ముక్కలో ఈ రెండూ ఎలా కుదురుతాయి?

నేపాల్‌లో కుక్రీలు చేసే కమ్మరులను కామీలు అంటారు. వాళ్ళలో చాలామంది వాడేది పాత లారీల, జీపుల కమాను పట్టీలు. మన పల్లెల్లో కమ్మరులు కూడా కొడవళ్ళకూ గొడ్డళ్ళకూ వీటిని వాడతారు. ఈ ఉక్కులో నూటికి సుమారు 0.6 వంతు కర్బనం ఉంటుంది. కామీ కత్తిని కొలిమిలో ఎర్రగా, దాదాపు 800 డిగ్రీల సెంటీగ్రేడు దాకా కాల్చి, ఒక కెటిలుతో నీళ్ళు అంచు వెంట మాత్రమే సన్నని ధారగా పోస్తాడు. వీపు మీద పోయడు.

ఎర్రగా కాలిన ఇనుములో అణువుల అమరిక మారి, కర్బనం అందులో సులభంగా కరుగుతుంది. మెల్లగా చల్లారితే కర్బనం విడిపోయి బయటికి వస్తుంది, ఉక్కు మెత్తగా ఉంటుంది. హఠాత్తుగా చల్లబడితే కర్బనం పారిపోయే వ్యవధి లేక ఇనుము అణువుల మధ్యనే ఇరుక్కుపోతుంది. ఆ ఇరుకు వల్ల అణువుల పొరలు ఒకదానిమీద ఒకటి జారలేవు. అదే గట్టిదనం. ఈ గట్టి ఉక్కును మార్టెన్‌సైట్ అంటారు. ఇంతలో వీపులో మిగిలిన వేడి అంచుకు పాకి, దాని పెళుసుదనాన్ని కొంత తగ్గిస్తుంది. ఎంత నీరు పోయాలో, ఎప్పుడు ఆపాలో కామీ ఉక్కు రంగు చూసి చెప్పగలడు. అతనికి ఉష్ణమాపకం కన్నే.

మన కొలిమి కథ

ఉక్కు విద్యలో మన నేల ఎవరికీ తీసిపోలేదు. నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి మేలైన ఉక్కు చేసేవారు. మట్టి మూసలో ఇనుప ముక్కలు పెట్టి, మూతకు మట్టి మెత్తి, గంటల తరబడి కొలిమిలో కాల్చేవారు. దక్షిణ భారతంలో పలుచోట్ల ఇనుముతోపాటు తంగేడు కట్టె, పచ్చి ఆకులు కూడా మూసలో వేసేవారు. అవి మాడి ఇచ్చే కర్బనం ఇనుములో కలిసి ఉక్కు అయ్యేది. అందులో నూటికి ఒకటి నుంచి రెండు వంతుల మధ్య కర్బనం ఉండేది. కమాను పట్టీలో ఉన్నదానికంటే ఇది బాగా ఎక్కువ.

1820లలో హెన్రీ వాయ్‌సీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు కోనసముద్రం కొలుములను చూసి వివరంగా రాశాడు. ఈ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. నీటి అలల వంటి గీతలతో పేరుపొందిన డమాస్కస్ కత్తులు ఇలాంటి ఉక్కుతోనే తయారయ్యాయి. ఐరోపావారు దీన్ని 'వుట్జ్' అన్నారు. అది మన 'ఉక్కు' మాటకు వచ్చిన రూపమేనని పలువురి అభిప్రాయం. విద్యుత్తు పరిశోధనలతో ప్రసిద్ధికెక్కిన మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. ఆయన 1819లో ఈ వుట్జ్‌ను విశ్లేషించి వ్యాసం రాశాడు. 2006లో జర్మనీ శాస్త్రజ్ఞులు పదిహేడో శతాబ్దపు డమాస్కస్ కత్తి ముక్కలో కర్బనపు అతి సూక్ష్మ నాళికలను కనుగొన్నామని ప్రకటించారు. 

మరి ఆ కొలుములు ఏమయ్యాయి? 1856లో బెస్సెమర్ పద్ధతి వచ్చాక కర్మాగారాల్లో టన్నులకొద్దీ ఉక్కు చౌకగా తయారైంది. మూసలో కొద్దికొద్దిగా చేసే ఉక్కు దానితో పోటీపడలేకపోయింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి ఆ కొలుములు చల్లారాయి. చేసేవాళ్ళ నోటనే ఉన్న విద్య వాళ్ళతోనే పోయింది. ఇప్పుడు శాస్త్రజ్ఞులు మూసల పెంకులను, చిట్టెపు రాళ్ళను ఏరి దాన్ని తిరిగి తెలుసుకోవలసి వస్తోంది.

బల్మూర్ నుంచి నేపాల్ దాకా

నాగర్‌కర్నూల్ జిల్లా బల్మూర్ మండలం నల్లమల అంచున ఉంది. బల్మూర్, అచ్చంపేట, లింగాల, అమ్రాబాద్ ప్రాంతాల్లో చెంచులు నివసిస్తున్నారు. 1940లో క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఈ అడవుల్లో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళమీద పుస్తకం ప్రకటించాడు. ఈయనే 1953లో నేపాల్ వెళ్ళి, అక్కడి షెర్పాల మీద 1964లో మరో పుస్తకం రాశాడు. నల్లమలనూ హిమాలయాలనూ ఒక్క మనిషే చదివాడన్నమాట.

చెంచుల పాత పనిముట్లు చూడండి. ఇనుప మొన తొడిగిన తవ్వుకోల, చిన్న కత్తి, గొడ్డలి, విల్లంబులు. రెండు కిలోల కత్తి వాటిలో లేదు. ఎందుకు? చెంచు రోజంతా అడవిలో నడుస్తాడు. దుంపలు తవ్వుతాడు, తేనె కోసం కొండ చరియ మీద తాళ్ళతో వేలాడతాడు. మోసే ప్రతి గ్రామూ అతనికి లెక్కే. దుంపకు కావలసింది గుచ్చే మొన, నరికే బరువు కాదు. పనిముట్లలో ఇనుము తక్కువ, ఆలోచన ఎక్కువ.

ఒక లెక్క చెప్పి ముగిస్తాను. వెదురో, కంపో కొట్టేవాడు రోజుకు వెయ్యి దెబ్బలు కొడతాడనుకోండి. అతని కత్తి అవసరానికి మించి కేవలం 100 గ్రాములు ఎక్కువ బరువుంటే, సాయంకాలానికి అతను ఊరికే ఎత్తిన అదనపు బరువు 100 కిలోలు. ఒక బస్తా! అలసిన చేతిలో బరువు కత్తి గురి తప్పుతుంది. కట్టెకు తగలని దెబ్బ మధ్యలో ఆగదు, మోకాలి మీదికో పాదం మీదికో వస్తుంది. జడత్వ భ్రామకం ఏడున్నర రెట్లయిన కత్తిని ఆపడం ఎవరి తరం? కత్తి బరువు కొలత తప్పితే నష్టపోయేది దాన్ని నమ్ముకుని బతికే మనిషే.

మరో మాట. కుక్రీని ఒరలోంచి తీస్తే రక్తం చూడందే లోపల పెట్టకూడదని ఒక కథ ప్రచారంలో ఉంది. అది నిజమైతే నేపాల్ ఇల్లాలు ఉల్లిపాయ కోసిన ప్రతిసారీ వేలు కోసుకోవాలి! ఆ కథను నమ్మకండి. అలాగే మన దేశపు ఆయుధ నిబంధనల ప్రకారం 9 అంగుళాల కంటే పొడవైన లేక 2 అంగుళాల కంటే వెడల్పైన కుక్రీ వంటి కత్తులు, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి తప్ప, ఆయుధాల కిందికే వస్తాయి. వాటితో ఆటలు వద్దు.

మీరు చేయవలసిన పని

మీ ఊళ్ళో కమ్మరి ఇంకా కొలిమి వెలిగిస్తుంటే ఈ సెలవుల్లో వెళ్ళి, దూరంగా నిలబడి చూడండి. కొడవలి, గొడ్డలి, కొబ్బరి బోండాల కత్తి - వీటి గురుత్వ కేంద్రాలు ఎక్కడుంటాయో ఊహించి రాసుకోండి. తరువాత వాటిని నడుము దగ్గర తాడుతో వేలాడదీసి చూపమని ఆయననే అడగండి. ఉక్కు ఏ రంగుకు వచ్చినప్పుడు నీటిలో ముంచుతారో, ఎందుకో అడిగి, ఆయన చెప్పిన మాటలను ఆయన మాటల్లోనే నోటుపుస్తకంలో రాసుకోండి. కోనసముద్రంలో ఆ పని ఆనాడు మనవాళ్ళెవరైనా చేసి ఉంటే ఈనాడు మనం మూసల పెంకులు ఏరుకోవలసి వచ్చేది కాదు.